మా అత్త పలకని పేరు

మా అత్త పోలేరమ్మ తన మొగుడి పేరు పలకగా నేను ఒక్కసారి కూడా వినలేదు. ఆయన బతికుండగా పలకలేదు, పోయి తొమ్మిదేళ్ళయినా పలకలేదు. పలకకపోతే మానె, ఆవిడ ఇష్టం. కానీ ఆ పేరు చెప్పాల్సిన ప్రతిచోటికీ నన్ను వెంట లాక్కుపోతుంది చూడండి, అక్కడ నాకు ఒళ్ళు మండుతుంది. ఆధార్ దగ్గర, బ్యాంకు దగ్గర, పింఛను వేలిముద్ర దగ్గర, ఎక్కడికి పోయినా ముందు అడిగేది భర్త పేరే. అడగ్గానే ఈవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వంక తిరుగుతుంది. నేను బళ్ళో మధ్యాహ్న భోజనం వండే మనిషిని. తొంభైమంది పిల్లలకు వండి, వడ్డించి, గిన్నెలన్నీ తోమేసరికి నడుం పట్టేసి ఉంటుంది. ఆ నడుంతోనే షేర్ ఆటోలో కమ్మీ పట్టుకుని ఉదయగిరి దాకా పోవాలి. దేనికీ, మూడక్షరాల పేరు చెప్పి రావడానికి.

మా మామ పేరు వెంగయ్య. చూశారా, ఎంతసేపు పట్టింది చెప్పడానికి!

ఒకసారి నాకు జ్వరం వచ్చి పోలేకపోయాను. అత్త ఒక్కతే గ్రామ సచివాలయానికి పోయింది. అక్కడ పనిచేసే శ్వేత మా వైపు పిల్లే. ఆ సాయంత్రం ఫోన్ చేసి పడీపడీ నవ్వింది. భర్త పేరు చెప్పవ్వా అంటే మా అత్త ఎదురు ప్రశ్న వేసిందట.

"నర్రవాడలో ఉండే తల్లి పేరేందమ్మా?"

"వెంగమాంబ."

"ఆ తల్లి పేరు మగోళ్ళకి పెట్టుకుంటే ఎట్టుంటాది?"

"వెంగయ్య."

"ఆ... అన్నింది నువ్వు. నేను అనలా. రాసుకో."

శ్వేతకు నర్రవాడ గుళ్ళో అమ్మ తెలుసు కాబట్టి సరిపోయింది. మా వైపు ఇంటికొక వెంగయ్యో వెంగమ్మో ఉంటారు. తెలియని మనిషి ఎదురైతే ఏమవుతుందో ఆత్మకూరులో తెలిసొచ్చింది. ఆ సంగతికి వస్తాను.

మా అత్తది వరికుంటపాడు దగ్గర పల్లె. పదహారేళ్ళకు ఈ ఇంటికి కోడలుగా వచ్చింది. అప్పుడు ఈ ఇంట్లో ఉన్నవి అరవై గొర్రెలు, రెండెకరాల మెట్ట, గయ్యాళి అత్త ఒకావిడ. మొగుడి పేరు ఆడది పలికితే ఆయన ఆయుస్సు తగ్గిపోతుందని ఆ అత్త మొదటిరోజే చెప్పిందట. ఈవిడ ఆ మాట పట్టుకుంది. నలభై మూడేళ్ళు కాపురం చేసింది. ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. పెంచలకోన సామికి మొక్కుకున్నాక ఒక్క కొడుకు దక్కాడు. ఆ కొడుకే నా మొగుడు, మా అమ్మాయి అశ్విత వాళ్ళ నాన్న. ఇన్ని జరిగినా, సంతోషంలో గానీ ఏడుపులో గానీ ఆవిడ నోరు జారలేదు. ఇదిగో అనేది, ఏమయ్యా అనేది, అబ్బయ్య వాళ్ళ నాయన అనేది. అంతే.

మరి గొర్రెల వెంట అడవికి పోయిన మనిషిని ఎట్లా పిలిచేదని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. ఆ రోజుల్లో కొండ కింద ఎనిమిది మంది కాపరులు గొర్రెలు మేపేవాళ్ళు. మధ్యాహ్నం అన్నం వాళ్ళ ఆడవాళ్ళు మోసుకుపోయేవాళ్ళు. మందలేమో పొదల మధ్య ఎక్కడెక్కడో ఉండేవి. ఆడవాళ్ళు రాతిబండ ఎక్కి నిలబడి కేకేసేవాళ్ళు. పేరు పలకకూడదు కాబట్టి అందరిదీ ఒకటే మాట, "కూడో..." అని. కూడు తెచ్చాను, వచ్చి తినమని. మా మామే ఒకసారి ఈ సంగతి నాకు చెప్పాడు.

"ఎనిమిది మందిదీ అదే కేకమ్మా. అయినా మీ అత్త కేకేస్తే నేనే లేచేవాణ్ణి, పక్కోడు లేచేవాడు గాదు," అని బీడీ ముట్టించుకుని నవ్వాడు. నవ్వితే ముందుపన్ను ఒకటి లేకపోవడం కనిపించేది.

తొమ్మిదేళ్ళ కిందట కార్తీక మాసంలో, జ్వరం ఉన్నా వినకుండా మందతో పోయాడు. మధ్యాహ్నం అత్త అన్నం తీసుకుపోయి బండెక్కి కేకేసింది. మళ్ళీ కేకేసింది. గొర్రెలొచ్చాయి గానీ ఆయన రాలేదు. వెతికితే రేగుపొద పక్కన కూలబడి ఉన్నాడట, కర్ర ఒళ్ళోనే ఉందట. ఆ రోజు నుంచి ఆ కేక మళ్ళీ మా అత్త గొంతులోంచి రాలేదు.

అప్పట్నుంచి గొర్రెల వెంట ఆవిడే పోతోంది. అరవై కాస్తా ఇరవై రెండయ్యాయి. మోకాళ్ళు పోయాయి, కన్ను మసకేసింది, అయినా వాటిని అమ్మనివ్వదు. ఆయన కర్ర పట్టుకుంటుంది, ఆయన తువ్వాలు తలకు చుట్టుకుంటుంది. మధ్యాహ్నం అదే బండ మీద కూర్చుని, బాక్సు మూత తీసి, మొదటి ముద్ద పక్కన పెట్టి, తర్వాత తను తింటుంది. ఒకరోజు బడికి సెలవైతే మందుబిళ్ళలు ఇవ్వడానికి నేను అక్కడికి పోయాను. దగ్గరికి పోతుంటే మాటలు వినిపించాయి.

"నల్లది ఈనింది. ఆడపిల్లే. గడ్డి లేదు ఈ ఏడు, ఏం తినిపించాలో ఏమో. నీ కోడలికి కోపం జాస్తి అయింది. దానికీ పని ఎక్కవైపోయింది, పాపం."

"ఎవరితో అత్తా?" అన్నాను.

"ఇంకెవురు? ఉండాడు గదా ఈడనే," అంది, ఇంట్లో ఉప్పుందని చెప్పినంత మామూలుగా.

నన్ను పాపం అన్నందుకు మెత్తబడాలో, కోపిష్టి అన్నందుకు అలగాలో తెలియక మందుబిళ్ళలు ఆవిడ చేతిలో పెట్టి వచ్చేశాను. నాకిట్లాంటి నమ్మకాలు తక్కువ. ఇంటర్ దాకా చదివాను. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. పోయినవాళ్ళతో బతకడం ఎట్లాగో ఆవిడకు తెలుసు, నాకు తెలియదు.

ఏడాదికొకసారి మహాలయ అమావాస్య వస్తుంది. మా ఇళ్ళల్లో పెద్దల అమాస అంటారు. ఆ రోజు పోయినవాళ్ళ ఫోటోల ముందు కొత్తబట్టలు పెట్టి, వాళ్ళకు ఇష్టమైనవి వండి, ఆకుల్లో వడ్డించి, పేరుపేరునా పిలవాలి. పిలవకపోతే రారు. రాకపోతే తినరు, తాగరు, మళ్ళీ ఏడు దాకా ఆకలితోనే ఉంటారు. మా అత్తకు దీని మీద ఎంత గట్టి నమ్మకమంటే, ఆ రోజు ఇంటి ముందుకు గేదె వచ్చినా తోలదు, పెద్దలే ఆ రూపంలో వచ్చారని దారిచ్చి రమ్మంటుంది. పిలిచే పనేమో మా ఊరి దాసరి తాతది. గడప దగ్గర నిలబడి శంఖం ఊది, గంట కొట్టి, మా ఇంట్లో నాలుగు తరాల పేర్లు కాగితం చూడకుండా పిలిచేవాడు. మామ పేరు కూడా ఆయనే పిలిచేవాడు. ఆ ఒక్క పేరు వినపడినప్పుడు మా అత్త కళ్ళు మూసుకుని తల ఊపేది.

ఇక నా సంగతి. నాకు పెళ్ళయింది ఇరవై ఏళ్ళకు. మొగుడు షేర్ ఆటో నడిపేవాడు, ఉదయగిరి నుంచి వరికుంటపాడుకు. వచ్చిన మూడో రోజు వాకిట్లో ఆటో తుడుస్తుంటే వంటింట్లోంచి గట్టిగా పిలిచాను.

"పెంచల్, ఇటు రా, డబ్బా మూత రావడంలా."

మా అత్త చేతిలో చేట కింద పడేసింది. పట్టపగలు దొంగ పడ్డట్టు గుండెలు బాదుకుంది.

"మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తావంటే? ఆయుస్సు తగ్గిపోతాదే!"

"అట్లయితే బళ్ళో అటెండెన్స్ తీసే సార్లు ఈపాటికి ఊరంతా చంపేసుండాల అత్తా," అన్నాను.

మామ బయట కూర్చుని బీడీ పొగ మింగి దగ్గేదాకా నవ్వాడు. నా మొగుడూ నవ్వాడు. అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను మాత్రం మానలేదు. పెంచల్ అన్నానికి రా, పెంచల్ బిడ్డ ఏడుస్తోంది చూడు, పెంచల్ నీకు బుద్ధుందా. రోజుకు ఎన్నిసార్లు ఆ పేరు పలికానో లెక్కలేదు.

ముప్పై అయిదో ఏట అతనికి కాళ్ళు వాచాయి. మా వైపు చాలామందికి వచ్చే జబ్బే, కిడ్నీలు పోయాయన్నారు. ఆటో అమ్మేశాం. వారానికి రెండుసార్లు డయాలసిస్, బస్సులో ఆత్మకూరుకు. పోవడానికి రెండు గంటలు, మంచం మీద నాలుగు గంటలు, రావడానికి రెండు గంటలు. అట్లా మూడేళ్ళు. పోయిన ప్రతిసారీ కౌంటర్లో పెన్ను పట్టుకున్న మనిషి తలెత్తకుండా "పేరు?" అంటాడు. నేను "పెంచల్" అంటాను. ఆ మూడేళ్ళలో నేనేం తిన్నానో, ఎప్పుడు నిద్రపోయానో నాకు గుర్తులేదు. ఆ పెన్ను గుర్తుంది.

అన్నిటికంటే పాపిష్టిది ఇంకొకటుంది, నీళ్ళు. రోజుకు మూడు గ్లాసులకు మించి తాగకూడదన్నారు. కొలిచి ఇచ్చేది నేనే. మే నెలలో మా కొండ కింద ఎండ ఎట్లా ఉంటుందో మీకేం తెలుసు! మంచం మీద పడుకుని నాలుక పిడచకట్టి, "ఒక్క గుక్క పావనీ, ఒక్కటే," అని అడిగేవాడు. ఇచ్చేదాన్ని కాదు. బిందెను అటక మీద పెట్టి, తలుపేసి, నేను వంటింట్లో చప్పుడు కాకుండా తాగేదాన్ని. మా అత్త గొర్రెల దగ్గర్నుంచి వచ్చి, కొడుకు ముందు నీళ్ళు తాగలేక అట్లాగే పడుకునేది.

రెండేళ్ళ కిందట అట్లాంటి మే నెలలోనే పోయాడు. ముప్పై ఎనిమిదేళ్ళు. ఆ రోజు కూడా కౌంటర్ దగ్గర అదే పెన్ను, అదే ప్రశ్న, ఇంటికి తీసుకుపోవడానికి కాగితం కావాలి కదా. "పెంచల్" అన్నాను. ఆ పేరు నా నోటి నుంచి రావడం అదే ఆఖరు. తర్వాత ఎవరు అడిగినా మా అశ్విత వాళ్ళ నాన్న అంటున్నాను. అశ్విత నెల్లూరు హాస్టల్లో చదువుకుంటోంది. ఒకరోజు ఫోన్లో, "ఏందమ్మా, నాయనమ్మ మాదిరి మాట్లాడతున్నావు?" అంది. ఫోన్ పెట్టేశాను.

పైకి చెప్పుకోని మాట ఒకటి నన్ను తింటోంది. ఆయుస్సు తగ్గుతుందని అత్త చెప్పింది. నేను ఎగతాళి చేశాను. పదహారేళ్ళు రోజూ పిలిచాను. ముప్పై ఎనిమిదేళ్ళకు పోయాడు. కిడ్నీకీ పేరుకూ సంబంధం లేదని నాకు తెలుసు, చదువుకున్నదాన్నే. తెలిసినంత మాత్రాన ఏమవుతుంది? గిన్నెలు తోముతుంటే కూడా ఆ మాటే గుర్తొస్తుంది.

పోయిన మనిషిని ఏడాది తిరిగేదాకా పెద్దల్లో కలపరు. కాబట్టి అతన్ని మొదటిసారి పిలవాల్సింది నిరుటి అమాసకు. సరిగ్గా ఆ వానాకాలంలోనే దాసరి తాత పోయాడు. పిలిచే మనిషే పిలిపించుకునేవాళ్ళలో కలిసిపోయాడు. ఆయన కొడుకులకు శంఖం పట్టుకోవడం కూడా రాదు. ఆత్మకూరు అవతల పెన్న ఒడ్డున ఎవరో షామియానా వేసి, పేర్లిస్తే మైకులో పిలిచి పెద్దలకు పెడుతున్నారని తెలిసింది. అత్తను తీసుకుని అదే బస్సెక్కాను. ఏడాదికి పైగా ఎక్కని బస్సు. ఆసుపత్రి స్టాపు వచ్చినప్పుడు కిటికీ అవతలి వైపు తల తిప్పుకున్నాను.

షామియానా కింద బల్ల, బల్ల వెనక కళ్ళజోడు పెట్టుకున్న ఆయన. ఈ వైపు మనిషి కాదు, మాట తీరు వేరుగా ఉంది. వరసలో అత్త ముందుంది, నేను వెనక ఉన్నాను.

"పేరు చెప్పండమ్మా."

అత్త నా వైపు తిరిగింది. నేను ఆయన చేతిలో పెన్నునే చూస్తున్నాను. అది కాగితం మీద ఆనించి ఉంది. అత్త ఇక తప్పక మొదలుపెట్టింది.

"నర్రవాడ తల్లి పేరు నాయనా. మగోళ్ళకి పెడితే ఎట్టుంటాదో అది."

"ఏ తల్లమ్మా? పేరు మొదట ఏమొస్తుంది?"

"వెం... అని వస్తాది," అంది, చెంపలు వాయించుకుంటూ.

"వెంకయ్య. సరే. ఇంకో పేరు?"

అత్త నా చెయ్యి పట్టుకుని గుంజింది. "కాదని చెప్పే. చెప్పే పావనీ!" ఆయన తలెత్తకుండానే, "ఇంకో పేరు?" అన్నాడు. ఇంకో పేరు ఎవరిదో నాకు తెలుసు. నోరు తెరిచి మళ్ళీ మూసేశాను. చెయ్యి విడిపించుకుని బయటికి నడిచాను. ఎండలో పంపు దగ్గర నిలబడి ముఖం కడుక్కుంటూనే ఉన్నాను. వెనక వరస జరిగిపోయింది. కాసేపటికి మైకులో పేర్లు మొదలయ్యాయి. వెంకయ్య అన్నారు. మా అశ్విత వాళ్ళ నాన్న పేరు రాలేదు.

తిరుగు బస్సులో అత్త కొంగు ముఖాన కప్పుకుని కూర్చుంది. తిట్టినా బాగుండేది. ఇంటికొచ్చాక గడప మీద కూలబడి, "ఎవరో వెంకయ్యంట, మన కూడు తినిపోయినాడు," అంది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఏడాదంతా ఆవిడ తీరు మారిపోయింది. బండ మీద ముద్ద పెట్టేది గానీ కబుర్లు చెప్పడం మానేసింది. అడిగితే, "ఉండాడో లేదో, ఎవరితో మాట్లాడేది?" అనేది. కలలో కూడా రావడం లేదట. ఆయన సంగతి అట్లా ఉంచితే, కొడుకు సంగతి ఆవిడ అసలు ఎత్తదు. ఒక్కసారి మాత్రం, నేను బిందె నుంచి నీళ్ళు ముంచుకుని తాగుతుంటే నా వంక చూసి, "వాడు ఇంకా దప్పికతోనే ఉండాడు," అంది. ఆ గ్లాసు నీళ్ళు తాగలేకపోయాను.

ఈ ఏడు అమాస ఆదివారం వచ్చింది. ఆత్మకూరు వద్దు, ఎవర్నీ పిలవొద్దు, మనమే పెట్టుకుందాం అంది అత్త. ముందురోజే మినుములు నానబోసింది. పొద్దున్నే లేచి గారెలు, పాయసం, గుమ్మడికాయ కూర, మాంసం కూర చేశాం. మామ ఫోటో ముందు పంచె, తువ్వాలు, బీడీకట్ట పెట్టింది. అతని ఫోటో ముందు నేను లుంగీ, నీలం చొక్కా పెట్టాను. రెండాకుల్లో వడ్డించాం. అత్త అటక మీంచి పెద్ద ఇత్తడి చెంబు దింపించి, చింతపండుతో తోమి, నిండా నీళ్ళు పోసి, మూత పెట్టి కొడుకు ఆకు పక్కన పెట్టింది. తర్వాత గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఇంక పిలువు," అంది.

"నేనా? నువ్వు పిలువు."

"కన్నదాన్ని. కొడుకుని పెద్దల్లో నేను పిలవకూడదు. పెళ్ళానివి, నువ్వు పిలవాల."

"మరి మామని?"

"ఆయన్నీ నువ్వే పిలువు... వద్దులే, మామని కోడలు పేరు పెట్టి అన్నానికి పిలుస్తాదా యాడన్నా? ఆఫీసుల్లో చెప్పేది వేరు, కూటికి పిలిచేది వేరు. ముందు వాణ్ణి పిలువు మే. కూరలు ఆరిపోతున్నాయి."

నేను ఆకులో గారెలు సర్దుతూ కూర్చున్నాను. అత్త అటూ ఇటూ చూసింది. చివరికి ఆవిడకూ కోపం వచ్చింది.

"వచ్చిన మూడోనాడే ఇల్లెగిరిపొయ్యేటట్టు పిలిచినావే! ఇప్పుడేమొచ్చింది నోటికి? నిరుడూ ఇంతే చేసినావు. ఇంకెన్నాళ్ళు మాడ్చి పెడతావు వాణ్ణి?"

"పిలిచి పిలిచే చంపుకున్నా అత్తా!" అన్నాను. నేను అనుకోకుండానే ఆ మాట బయటికి వచ్చేసింది. "నువ్వు చెప్పినావు, ఆయుస్సు తగ్గుతాదని చెప్పినావు. నేను విన్లా. రోజుకు వందసార్లు పిలిచినా. నువ్వు పలకలేదు, మామ అరవై దాటినాక పొయినాడు. నేను పలికినా, నా మొగుడు నలభై కూడా చూడలా. నువ్వు అనవు గానీ నీ కడుపులో లేదా ఆ మాట?"

అత్త నన్ను చూసింది. ఎప్పుడో తన చేత్తో పారేసిన వస్తువు ఎవరో తెచ్చి ఒళ్ళో పెట్టినట్టు ఉంది ఆవిడ ముఖం.

"అంత మాట పట్టుకోని ఉండావా ఇన్నాళ్ళు?" అంది. "ఓసి పిచ్చిదానా. మా అత్త నాతో అన్నింది, నేను నీతో అన్నా. అంతే మే. నేను నలభై మూడేండ్లు నోరు కట్టేసుకున్నా. కట్టేసుకుంటే నిలిచినాడా? అడివిలో ఒక్కడే పడి పొయినాడు, గుక్కెడు నీళ్ళు పోసే దిక్కు లేక. నేను పలక్కుండా ఆయన్ని బతికించుకున్నదీ లేదు, నువ్వు పలికి వాణ్ణి చంపుకున్నదీ లేదు."

ఆవిడ ఏడుస్తూ ఈ మాటలు అనలేదు. అలిసిపోయిన గొంతుతో, గొర్రెల లెక్క చెప్పినట్టు చెప్పింది. ఏడ్చింది నేను. కాసేపటికి ముక్కు చీదుకుని, నా బుద్ధి పోనిచ్చుకోకుండా బేరం పెట్టాను.

"అట్లయితే ముందు నువ్వు పిలువు మామని. పేరు పెట్టి పిలువు. తర్వాత నేను పిలుస్తా."

అత్త కొంగు సర్దుకుంది. ఫోటో వంక తిరిగింది. "వెం..." అంది. పెదాలు బిగుసుకుపోయాయి. గుటక మింగి మళ్ళీ "వెం..." అంది. తల అడ్డంగా ఊపింది. మోకాళ్ళ మీద చేతులానించి లేచి, గోడ పట్టుకుని, వాకిట్లోకి నడిచింది. ఓడిపోయి బయటికి పోయిందనుకున్నాను. వెనకే పోయాను. కొండ వైపు తిరిగి నిలబడి ఉంది. నడుం నిటారు చేసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"కూడో...!"

అరవై ఎనిమిదేళ్ళ మనిషిలో అంత గొంతు ఉందని నాకు తెలియదు. దొడ్లో గొర్రెలన్నీ ఒక్కసారిగా తలలెత్తాయి. ముసలి గొర్రెపోతు ఒకటి అరుచుకుంటూ తడిక దగ్గరికి వచ్చేసింది. ఎదురింటివాళ్ళు బయటికొచ్చి చూశారు. అత్త ఎవర్నీ పట్టించుకోలేదు. ఇంకోసారి అదే కేక వేసి, ఆయాసపడుతూ లోపలికి వచ్చి ఆకు ముందు కూర్చుంది.

"ఆయన ఎన్నడన్నా పేరుకి వచ్చినాడా? కేకకే గదా వచ్చినాడు," అంది. "నాకు ఇన్నాళ్ళు తట్టలా. ఆ మైకోళ్ళు సరిగ్గా పిలిచినా లేచి ఉండడు."

బీడీకట్ట ఆకుకు ఇంకాస్త దగ్గరగా జరిపి, "తిను. కారం ఎక్కవైంది, నీ కోడలు వేసింది," అని ఫోటోతో చెప్పింది. ఏడాది తర్వాత ఆవిడ మళ్ళీ ఆయనతో మాట్లాడటం అదే. తర్వాత నా వంక చూసింది.

"ఇంక నీ వంతు. వాడికి నీ కేకే అలవాటు."

నేను రెండో ఆకు ముందు కూర్చున్నాను. ఫోటోలో ఆటో దగ్గర నిలబడి నవ్వుతున్నాడు, జబ్బు రాకముందుది. చెంబు మీద మూత తీశాను. నీళ్ళు అంచు దాకా ఉన్నాయి. కొన్ని ఆకు మీద ఒలికాయి.

"పెంచల్," అన్నాను.

నాకే సరిగ్గా వినపడలేదు. ఇంటి ముందు ఆటో తుడుస్తుంటే వంటింట్లోంచి పిలిచినంత గట్టిగా మళ్ళీ పిలిచాను.

"పెంచల్! రా. నీళ్ళు పెట్టినా. తాగు, ఎన్నయినా తాగు. ఈరోజు నేను కొలిచేది లేదు."